నీళ్ల కంటే ముందు పంపు గది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. నా మనవరాలి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. నచ్చి కాదు. నాలుగో పేజీ దగ్గర నాకొచ్చిన కోపం న్యాయమైనదేనా అని చూసుకోవడానికి. న్యాయమైనదే.

అక్కడ నీ కథానాయిక స్విమ్మింగ్ పూల్‌లో మునిగిపోతుంది. ముప్పావు పేజీ పాటు చేతులు గాల్లో ఊపుతూ "కాపాడండి, కాపాడండి" అని అరుస్తుంది. గట్టు మీద పార్టీ జరుగుతూ ఉంటుంది. మ్యూజిక్ హోరులో ఆమె కేకలు ఎవరికీ వినపడవు. ఇది నీకు సినిమాలు నేర్పిన చావు. మునిగిపోయేవాళ్లు అరవరమ్మా. అరవాలంటే ముందు ఊపిరి అందాలి. నోరు ఒకసారి నీళ్ల పైకి, ఒకసారి కిందికి పోతుంటే ఆ ఊపిరికే టైం చాలదు, ఇంక కేక ఎక్కడిది? చేతులు ఊపడం కూడా వాళ్ల వశంలో ఉండదు. అవి వాటంతటవే రెండు పక్కలకీ చాచుకుని నీళ్లని కిందికి నొక్కుతుంటాయి. మనిషి నిలువుగా ఉంటుంది, తల వెనక్కి వాలుతుంది. ఇదంతా 20 నుంచి 60 సెకన్లు, అంతే. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ ఎందరినో గమనించి చెప్పిన సంగతి ఇది. పక్కన ఈదుతున్నవాళ్లకి ఆ మనిషి ఊరికే నిలబడి పైకి చూస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు చెప్పు, నీకు ఆ మ్యూజిక్ ఎందుకు? ఆపెయ్. అందరూ ఆమె వైపే చూస్తూ ఉండనీ. భర్త గ్లాసు పట్టుకుని గట్టు మీదకి వచ్చి "నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడగనీ. ఆమె పలకదు. ఇంకా అలిగే ఉందనుకుని అతను వెనక్కి వెళ్లిపోనీ. నీ చేతిలో అంత కథ ఉంటే హోరు పెట్టి పాడుచేశావు.

అదే పేజీలో ఇంకొకటి. నీళ్ల అడుగున ఉన్న ఆమెకి ఎడమ పక్క నుంచి తల్లి పిలుపు వినిపిస్తుంది. గాల్లోని గొంతు నీళ్లలోకి దాదాపు దిగదు, పైకే తిరిగి పోతుంది. పోనీ నీళ్లలోనే పుట్టిన చప్పుడు అనుకుందాం. నీళ్లలో శబ్దం గాల్లో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో వస్తుంది. రెండు చెవులకీ ఒకేసారి వచ్చినట్టే ఉంటుంది, అది ఎటు నుంచో చెవికి పట్టదు. తల్లి గొంతు కావాలంటే ఉంచుకో, కానీ ఆ 'ఎడమ' తీసెయ్.

రెండో పేజీలో "క్లోరిన్ ఘాటు, ఆసుపత్రిలాంటి శుభ్రత" అన్నావు. ముక్కు పగిలే ఆ ఘాటు శుభ్రమైన నీళ్లది కాదు. క్లోరిన్ మనుషుల చెమటతో, మూత్రంతో కలిస్తే పుట్టే క్లోరమైన్లది. ఈత కొట్టి వచ్చాక కళ్లు మండేదీ ఎక్కువగా వాటివల్లే. వాసన గుప్పుమంటోందంటే స్నానం చెయ్యకుండా దిగినవాళ్లు చాలామంది ఉన్నారనీ, వాళ్ల మురికికి తగినంత క్లోరిన్ పడలేదనీ అనుకోవాలి. అంత పెద్దింటి పూల్ ఆ కంపు కొడుతోందని తెలిసి రాసి ఉంటే నీకు దండం పెట్టేవాణ్ని. తెలియక రాశావు.

ఇక నా గోల విను. చెరువుకి వాన చాలు, ఏటికి వాలు చాలు. పూల్‌కి మాత్రం మనిషి కావాలి. పంపు ఆపి మందు వెయ్యడం మానేస్తే ఎండాకాలంలో కొద్ది రోజుల్లోనే నాచు పట్టి నీళ్లు పచ్చబడతాయి, అడుగు కనపడదు. నువ్వు మూడు చోట్ల "నిర్మలమైన నీలం" అన్నావే, అది దానంతటది అలా ఉండేది కాదు. పొద్దున్నే ఎవరో వచ్చి వల వేసి ఆకులూ పురుగులూ తీసి, గోడల జిడ్డు రుద్ది, ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి తోలి మురికి వదలగొట్టి (దాన్నే బ్యాక్‌వాష్ అంటారు), చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రంగు చూసి, పీహెచ్ 7.2కీ 7.8కీ మధ్య నిలబెడితే ఉండేది. అందుకని ఎవరు పూల్ కథ పట్టుకొచ్చినా నేను ముందు పంపు గది గురించే అడుగుతాను. ఆ నీళ్లు ఎవరివి, ఎవరు కడుగుతారు, ఎవర్ని దిగనివ్వరు? ఈ మూడూ తెలియకుండా కలం ముట్టుకోకూడదు. చాదస్తం అంటావా, అను. చాలామందే అన్నారు.

ఈమధ్య నాకొచ్చే పూల్ కథలన్నీ ఒకటే కథ. రాత్రి. ఎవరూ లేరు. ఒకామె వెల్లకిలా తేలుతూ చుక్కలు చూస్తుంది, పాత పెళ్లి గుర్తొస్తుంది, నీళ్లు తల్లి గర్భమైపోతాయి. గేటు తాళం ఎవరు తీశారు, లైట్లు ఎవరు వేశారు అని అడిగితే "అది మూడ్ పీస్ సార్" అంటారు. ఎడిటర్లు కూడా వీటినే ఆప్యాయంగా వేస్తారు. నీలి రంగు బొమ్మ వేసుకోవడానికి బాగుంటుంది కదా.

పెద్ద రచయితలు పంపు గదిని వదల్లేదు. అమెరికన్ నవలాకారుడు ఫిట్జెరాల్డ్ 1925లో రాసిన 'ద గ్రేట్ గాట్స్‌బీ'లో హత్యకి కాస్త ముందు ఎవరొస్తారో గుర్తుందా? తోటమాలి. ఆకులు రాలడం మొదలైతే పైపులకి ఇబ్బంది, ఇవాళ పూల్ ఖాళీ చేస్తానంటాడు. కథానాయకుడు గాట్స్‌బీ ఇవాళ వద్దంటాడు. వేసవంతా ఒక్కసారీ దిగని మనిషి ఆ రోజే దిగుతాడు, అక్కడే చస్తాడు. తోటమాలి పని తోటమాలిని చేసుకోనిచ్చి ఉంటే ఆ మధ్యాహ్నం పూల్‌లో నీళ్లే ఉండేవి కావు. మొత్తం నవలలో నాకు ఒళ్లు జలదరించే మాట ఆ పైపుల మాటే.

అమెరికన్ రచయిత జాన్ చీవర్ కథ 'ద స్విమ్మర్' ఇంకా ముదురు. నెడ్ మెరిల్ ఇరుగుపొరుగు పూల్స్ అన్నీ ఈదుకుంటూ ఇంటికి బయల్దేరతాడు. అందరూ ఆ కథలో కాలం గురించి, తాగుడు గురించి మాట్లాడతారు. నన్నడిగితే అసలు దెబ్బ పబ్లిక్ పూల్ దగ్గర తగులుతుంది. అక్కడ బోర్డు ఉంటుంది, షవర్ కింద తడవాలి, కాళ్లు కడుక్కోవాలి, గుర్తింపు బిళ్ల పెట్టుకోవాలి. ఆయన దగ్గర బిళ్ల లేదు. లైఫ్‌గార్డులు బయటికి పొమ్మంటారు. ఆ కథ న్యూయార్కర్ పత్రికలో 1964 జూలై 18 సంచికలో వచ్చింది. దానికి సరిగ్గా నెల ముందు, జూన్ 18న, ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ నిరసనగా కలిసి, నల్లవాళ్లని దిగనివ్వని ఒక మోటల్ పూల్‌లోకి దిగితే మేనేజర్ ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. పూల్ శుభ్రం చెయ్యడానికి వాడే యాసిడే. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఒకరికి బిళ్ల లేదు, ఇంకొకరికి రంగు లేదు. చీవర్‌కి ఆ సంఘటనతో సంబంధం ఉందని నేననడం లేదు. పూల్ అనగానే గట్టు మీద ఎవరో కాపలా ఉంటారని మాత్రం అంటున్నాను.

నాకీ పిచ్చి ఊరికే పట్టలేదు. కుర్రతనంలో ఒక క్లబ్బులో లెక్కలు రాశాను. పెద్ద పూల్ ఉండేది. సిబ్బంది దిగకూడదు, గట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకోకూడదు. నాకా నీళ్లతో పరిచయమంతా బిల్లుల మీదే. బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, ఫిల్టర్‌కి ఇసుక, మోటారు రీవైండింగ్, వలకి కొత్త కర్ర. పూల్ చూసుకునే ఆయన వోచర్ల కోసం నా గదికి వచ్చేవాడు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొరలు లేచి ఉండేది. చదువొచ్చిన మనిషే, కానీ పెన్ను పట్టుకుంటే మండుతోందని వేలిముద్ర వేస్తాననేవాడు. క్యాషియర్ ఒప్పుకునేవాడు కాదు. సంతకం చేసేటప్పుడు ఆయన పెదవి కొరుక్కోవడం చూస్తూ ఉండేవాణ్ని.

ఆయన మీద కథ రాశాను. ఒక పెద్ద పత్రిక ఎడిటరు తిప్పి పంపాడు. మార్జిన్‌లో ఎర్ర సిరాతో "పూల్ బాగుంది, పనివాడు అడ్డొస్తున్నాడు, మెంబరుగారి అమ్మాయిని పెంచండి" అని రాశాడు. పెంచలేదు. అద్దె బాకీ పడ్డ నెలల్లో కూడా పెంచలేదు. చాలాకాలం ట్రంకుపెట్టెలో మగ్గాక ఒక చిన్న పత్రిక ఉన్నదున్నట్టు వేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకే పత్రిక మూతపడింది, నా కథకీ దానికీ సంబంధం లేదనే అనుకుంటాను. ఆ ఎడిటరు ఇప్పటికీ సభల్లో ఎదురుపడితే "ఆ స్విమ్మింగ్ పూల్ కథ ఏం చేశారండీ?" అంటాడు.

ఇంతకీ నీ కథని చించి పారెయ్యకుండా ఇంత ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, మూడో పేజీ అడుగున రెండు వాక్యాలున్నాయి. పనిమనిషి కూతురు తువ్వాళ్లు పట్టుకుని గట్టు మీద నిలబడుతుంది. కాళ్లకి చెప్పుల్లేవు, టైల్స్ కాలుతున్నాయి, కాలు మార్చి కాలు వేస్తూ ఎక్కడ నీళ్లు చిందితే అక్కడికి మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఇది నువ్వు ఎక్కడో చూశావు, చూడకుండా ఎవరూ రాయలేరు. ఆ తర్వాత ఆ పిల్ల ఊసే లేదు. ఎక్కడికి పోయింది? కథానాయిక మునిగేటప్పుడు గట్టు మీదే ఉండాలి కదా. లోతు వైపు నిలబడిందా? అలా అయితే ఒక సంగతి గుర్తుపెట్టుకో. కాంతి వంగడం వల్ల పై నుంచి చూసేవాళ్లకి నీళ్లు అసలు లోతు కంటే కనీసం పావు వంతు తక్కువగా కనిపిస్తాయి. రెండు మీటర్లు ఒకటిన్నర మీటర్లలా ఉంటాయి. ఈత రాని పిల్లకి అది ఎలా ఉంటుందో, దానితో ఏం చేస్తావో నీ ఇష్టం.

పోటీలకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా, ఎవరెవర్ని చదవాలి అని చాలా అడిగావు. చదవడం సంగతి అంటావా, జూలీ ఓట్సుకా 2022లో 'ద స్విమ్మర్స్' అని ఒక నవల రాసింది. పూల్ అడుగున ఒక సన్నటి పగులు కనిపిస్తుంది, రోజూ ఈదేవాళ్లందరికీ దాంతో టెన్షన్ మొదలవుతుంది. పగులుని పగులుగానే ఎంతసేపు ఉంచిందో చూడు. నువ్వైతే రెండో పేరాలోనే దాన్ని జీవితం చేసేస్తావు.

పేరు మార్చు. 'నీలి నిశ్శబ్దం' కథ పేరులా లేదు, సెంటు సీసా మీద లేబుల్‌లా ఉంది.

తిరగరాసి పంపు. ఈసారి పేజీలకి నంబర్లు వెయ్యి. కవరులోంచి తీసేసరికి తారుమారై, ఆమెకి పెళ్లి కాకముందే విడాకులయ్యాయేమిటని కాసేపు బుర్ర గోక్కుని, చివరికి నేనే పెన్సిల్‌తో వేసుకున్నాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి