జావాలో ఇంట్ అర్రేని లిస్ట్‌గా మారిస్తే సైజు 1 అని ఎందుకు వస్తుంది?

ఐదు మార్కులున్న ఇంట్ అర్రేని అర్రేస్.యాజ్‌లిస్ట్‌కి ఇచ్చి, వచ్చినదాన్ని వార్ వేరియబుల్‌లో పెడితే సైజు 5 బదులు 1 వస్తోందని అడిగారు. జావా జెనరిక్స్‌లో, అంటే లిస్ట్‌లో ఏ టైపు ఉంటుందో చెప్పే పద్ధతిలో, ఆబ్జెక్ట్ టైపులే పనికొస్తాయి, ఇంట్ లాంటి ప్రిమిటివ్‌లు (ఆబ్జెక్ట్ కాని మూల టైపులు) పనికిరావు. అందుకే కంపైలర్ మీ అర్రే మొత్తాన్నీ ఒకే ఆబ్జెక్ట్‌గా తీసుకుని, అదొక్కటే ఉన్న లిస్ట్‌ని ఇస్తుంది. మీరు వేరియబుల్‌ని వార్‌తో (టైపుని కంపైలరే తేల్చుకునేలా) డిక్లేర్ చేశారు కాబట్టి గొడవ బయటపడలేదు. లిస్ట్ ఆఫ్ ఇంటిజర్ (ఇంటిజర్ అంటే ఇంట్‌కి ఆబ్జెక్ట్ రూపం) అని రాసుంటే కంపైల్ దగ్గరే ఎర్రర్ వచ్చేది. ఇలాంటి చోట టైపు పూర్తిగా రాయడమే మేలు.

సరైన దారి: అర్రేస్.స్ట్రీమ్‌కి అర్రే ఇచ్చి, దానిమీద బాక్స్‌డ్ పిలిచి, తర్వాత కలెక్ట్‌కి కలెక్టర్స్.టులిస్ట్ ఇవ్వండి. ఇది జావా 8 నుంచి ఉంది. ప్రతి ఇంట్‌నీ ఇంటిజర్‌గా మార్చేది ఆ బాక్స్‌డే. జావా 16లో స్ట్రీమ్‌కి నేరుగా టులిస్ట్ వచ్చింది, కానీ అదిచ్చే లిస్ట్‌లో తర్వాత మార్పులు చేయలేం.

స్ట్రింగ్ అర్రేకైతే యాజ్‌లిస్ట్ చక్కగా పనిచేస్తుంది. కాకపోతే అది కాపీ కాదు, అదే అర్రే మీద వేసిన కిటికీ. సెట్‌తో లిస్ట్‌లో పేరు మారిస్తే అర్రేలోనూ మారిపోతుంది. యాడ్ చేయబోతే అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. విడిగా లిస్ట్ కావాలంటే దాన్ని కొత్త అర్రేలిస్ట్ కన్‌స్ట్రక్టర్‌కి ఇవ్వండి.

వెనక్కి, అంటే ఇంటిజర్ లిస్ట్ నుంచి ఇంట్ అర్రేకి రావాలంటే స్ట్రీమ్, మ్యాప్‌టుఇంట్, టుఅర్రే వరసగా పిలవండి. లిస్ట్‌లో ఒక్క నల్ (ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) ఉన్నా నల్‌పాయింటర్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది, ముందే ఫిల్టర్ చేసుకోండి.