ఆరేళ్ల టేకు తోటలో ఏ చెట్లు తీయాలి?

వింజమూరు దగ్గర రెండెకరాల ఎర్రనేలలో 2 మీటర్ల ఎడంతో టేకు పెట్టామని, ఆరేళ్లయినా చెట్లు గడల్లా పొడుగు సాగుతున్నాయే తప్ప లావెక్కడం లేదని రాశారు. కలప బేరగాడు ‘ఒకటి విడిచి ఒకటి కొట్టేస్తా’ అంటున్నాడు, ఒప్పుకోవాలా అని కదా మీ ప్రశ్న.

తీయడం మాత్రం తీయాల్సిందే అన్నా. ఆ ఎడంలో ఎకరాకు వెయ్యి చెట్లు పడతాయి. టేకుకు ఎండ కావాలి. పక్క చెట్టు కమ్మేస్తే కింది కొమ్మలు ఎండిపోయి, కొనన గుప్పెడు ఆకుతో పైకి పోతుందే కానీ మాను ఊరదు. నమ్మకం లేకపోతే ఎండ బాగా తగిలే గట్టు మీది చెట్లకూ తోట నడిమధ్య చెట్లకూ టేపు చుట్టి చూడండి.

ఏవి తీయాలో మాత్రం బేరగాడికి వదలొద్దు. మాది కలిగిరి వైపు. మా తోటకొచ్చినతను నిటారుగా, లావుగా ఉన్నవాటికే గొడ్డలి గాటు పెట్టుకుంటూ పోయాడు. అతని వ్యాపారం అతనిది. కానీ అతనికి పనికొచ్చేవే మనకు మిగలాల్సినవి. పని ఆపించి నేనూ మా నాన్నా మార్కింగ్ వేసుకున్నాం. వంకరవి, రెండు కొనలుగా చీలినవి, పక్కదాని కింద నలిగిపోయినవి ముందు. రెండు మంచి చెట్లు దగ్గరగా ఉంటే తల గుబురుగా ఉన్నదాన్ని ఉంచాం. ఎత్తు చూసి మోసపోవద్దు, తల చూడండి. పెయింటు గుర్తు ఛాతీ ఎత్తులో ఒకటి, మొదట్లో నేలకు ఆనించి ఇంకొకటి వేయండి. కొట్టాక గుర్తు లేని మోడు కనబడిందంటే లెక్క అడగొచ్చు.

మార్కింగ్ కార్తీకంలో, ఆకు నిండుగా ఉన్నప్పుడే వేయాలి. కొట్టడం సంక్రాంతి దాటాక. మన జిల్లాకు నవంబరు, డిసెంబరు తుఫాన్ల భయం ఎక్కువ. సన్న చెట్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి, ముందే పలచన చేస్తే గాలికి వాలిపోతాయి. ఒకేసారి సగం తీయడానికి భయమైతే ఈ ఏడు మూడో వంతు చాలు.

డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. ఈ వయసు మానులో చేవ, అంటే నడిమి గట్టి చెక్క, పెద్దగా కట్టదు, పందిరి గుంజలకు, పొయ్యికి తప్ప పోదు. టేకు జామాయిల్, సుబాబుల్ లాంటిది కాదు, కొట్టడానికీ తరలించడానికీ అనుమతి ఉండాలి. భూమి పాస్‌బుక్ తీసుకుని ముందే ఫారెస్టు రేంజి ఆఫీసులో కనుక్కోండి. ‘అవన్నీ నేను చూసుకుంటా’ అని బేరగాడు అన్నా సరే, కాగితం మీ చేతికొచ్చాకే రంపం పెట్టనివ్వండి.

తొలకరికి మోడుల నుంచి పిలకలు గుంపుగా లేస్తాయి. మేకలు తినేస్తాయిలే అనుకోవద్దు, టేకాకు అవి పెద్దగా ముట్టవు. లేతగా ఉన్నప్పుడే విరిచేయాలి. ఉంచిన చెట్ల మాను మీద కొత్తగా వచ్చే పక్క చిగుళ్లనూ అప్పుడే గిల్లేయండి, ముదిరితే చెక్కలో ముడి పడుతుంది.