టెక్ సందేహాలు: కచేరీలో యాంబిసోనిక్ మైకు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: చిక్కడపల్లిలో జరిగే కర్ణాటక సంగీత కచేరీలను నాలుగు క్యాప్సూళ్ళ (ధ్వనిని పట్టే భాగాల) యాంబిసోనిక్ మైకుతో, అంటే అన్ని దిక్కుల ధ్వనినీ పట్టే మైకుతో రికార్డు చేస్తున్నాను. హాలు మధ్యలో, శ్రోతల నడుమ స్టాండు వేశాను. ఇంటికొచ్చి వింటే పాట ఎక్కడో గోడల్లోంచి వస్తున్నట్టుంది. మైకు లోపమా, నా పొరపాటా?

జవాబు: మైకులో లోపం లేదు, పెట్టిన చోటులోనే ఉంది. అన్ని వైపుల నుంచీ వింటుంది కనుక దీన్ని హాలు నడిమధ్యన నిలబెడితే చాలుననీ, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందనీ చాలామంది అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ చూసుకునేది దిక్కును మాత్రమే. రికార్డింగు అయ్యాక ఎటు కావాలంటే అటు తిప్పుకొని వినవచ్చు గాని, మైకును నాలుగడుగులు ముందుకు జరపడం ఏ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న ప్రోగ్రాం) వల్లా కాదు. 1970లలో మైకేల్ గెర్జన్ వంటివారు రూపొందించిన ఈ పద్ధతి ఒక బిందువు చుట్టూ ఉన్న ధ్వనిని పట్టుకుంటుంది. ఆ బిందువు ఎక్కడుండాలో తేల్చుకోవలసింది మీరే.

ప్రతి హాలులోనూ గొంతు నుంచి నేరుగా వచ్చే ధ్వని, గోడలకు తగిలి వచ్చే ధ్వని సమానమయ్యే దూరం ఒకటి ఉంటుంది. 4,000 ఘనపు మీటర్ల హాలులో ధ్వని అణగడానికి 1.2 సెకన్లు పడితే, అన్ని దిక్కులకూ ఒకేలా వ్యాపించే శబ్దానికి ఆ దూరం 3 మీటర్లకు కాస్త ఎక్కువ. గొంతు ఎదురువైపుకు బలంగా వినిపిస్తుంది కాబట్టి ఇంకొంచెం వెసులుబాటు దొరుకుతుంది. మీరు దాన్ని ఎప్పుడో దాటిపోయారు. పైగా శ్రోతల్లో ఉన్న మైకుకు ముందుగా అందేది విద్వాంసుల ధ్వని కాదు, వేదికకు ఇరువైపులా ఉన్న స్పీకర్ల ధ్వని.

అందుచేత మైకును ఆ స్పీకర్ల వరుసకు వెనుకగా, వేదిక అంచున, గాయకుడికి ఎదురుగా ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో, కూర్చున్నవారి తలకంటే కాస్త ఎత్తులో ఉంచండి. మృదంగం సాధారణంగా గాయకుడికి కుడిపక్కన, అంటే మనకు ఎడమవైపున, దాని కుడి ముఖం సభ వైపుకు తిరిగి ఉంటుంది. అది వయొలిన్‌ను మింగేస్తోందనిపిస్తే మైకును వయొలిన్ వైపుకు ఒక జానెడు జరపండి. గెయిన్‌ను (మైకు ధ్వనిని ఎంత పెంచాలో ఆ స్థాయిని) ఆలాపన విని కాకుండా, మృదంగం ఒక్కటే గట్టిగా మోగే తని ఆవర్తనాన్ని ఊహించుకొని పెట్టాలి, నాలుగు క్యాప్సూళ్ళకూ ఒకే గెయిన్ ఉండాలి. వాటిలో తేడా వస్తే దిక్కులు చెదురుతాయి. స్టాండు అడ్డమని నిర్వాహకులు ముఖం చిట్లిస్తే (చిట్లిస్తారు) మైకును పైనుంచి తలకిందులుగా వేలాడదీయవచ్చు గాని, ఆ సంగతి రికార్డరు సెట్టింగులో చెప్పడం మరవకండి. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి. దిక్కును పట్టే ఈ క్యాప్సూళ్ళకు గాలి గరగర తొందరగా అంటుకుంటుంది; బొచ్చు తొడుగు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

నేనూ ఒకసారి మైకును మొదటి వరుసకు చేరువగా పెట్టాను. అక్కడ కూర్చున్న పెద్దాయన రెండు గంటలపాటు తొడ మీద ఆదితాళం వేశారు. లెక్క ఒక్కచోట తప్పలేదు గాని, రికార్డింగులో మృదంగం కంటే ఆయన తొడే గట్టిగా పలికింది. లామకాన్ వంటి ఆరుబయటి వేదికల్లో దూరంగా వెళ్ళడానికి ఆ కాస్త కారణం కూడా లేదు. పట్టుకోవలసిన హాలు గుణమంటూ అక్కడ ఉండదు, అందేదల్లా రోడ్డు చప్పుడే.

ప్రశ్న: 360 డిగ్రీల కెమెరాతో తీసిన కచేరీని యూట్యూబ్‌లో పెట్టాను. ఎదురుగా ఉన్న గాయకుడు ఎడమ చెవిలో, మృదంగం నెత్తిమీద, వయొలిన్ కాళ్ళ కింద వినిపిస్తున్నాయి.

జవాబు: మీ వర్ణనలోనే రోగనిర్ణయం ఉంది. యాంబిసోనిక్ ఛానళ్ళను ఫైలులో పేర్చడానికి రెండు పద్ధతులున్నాయి: మీ ఫైలు పాత ఫ్యూమా పద్ధతిలో ఉంది, యూట్యూబ్ దాన్ని యాంబీఎక్స్‌గా చదువుతోంది. ఫ్యూమాలో నాలుగు ఛానళ్ళ వరుస డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్; యాంబీఎక్స్‌లో డబ్ల్యూ, వై, జెడ్, ఎక్స్. ముందు వెనుకలను చెప్పే ఎక్స్‌ను అది కుడి ఎడమలుగానూ, కుడి ఎడమలను చెప్పే వైని పైకీ కిందికీ అర్థం చేసుకుంటుంది. ఛానళ్ళ వరుస మార్చినంత మాత్రాన సరిపోదు, అన్ని వైపుల ధ్వనినీ ఒకేలా పట్టే డబ్ల్యూ ఫ్యూమాలో 3 డెసిబెళ్ళు తక్కువగా ఉంటుంది. మార్పిడి ప్లగిన్ వాడితే రెండూ ఒకేసారి సర్దుకుంటాయి. ఇకముందు మైకును కెమెరాకు సరిగ్గా కిందనే, ఒకే నిలువు గీతలో పెట్టండి. పక్కకు అర మీటరు జరిగినా, దగ్గరగా కూర్చున్నవారి బొమ్మ ఒకచోట, గొంతు మరొకచోట ఉంటాయి.

ప్రశ్న: మిక్సర్ నుంచి తీసుకున్న ఆడియోను యాంబిసోనిక్ రికార్డింగుతో కలిపితే మాట రెండుసార్లు పలికినట్టు, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది. ఏం చేయాలి?

జవాబు: ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది. గాయకుడి నోటి దగ్గరి మైకుకు వెంటనే అందిన మాట, 3 మీటర్ల దూరంలోని యాంబిసోనిక్ మైకుకు దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యం చేయవలసింది మిక్సర్ ఆడియోనే, యాంబిసోనిక్‌ను కదపకండి. కచేరీకి ముందు ఒకసారి, మంగళం అయ్యాక ఒకసారి గాయకుడి మైకు ముందు గట్టిగా చప్పట్లు కొట్టించండి. మొదటి చప్పట్లు రెండు ట్రాకులలోనూ ఒకచోటికి వచ్చేలా జరిపితే ఈ ఆలస్యం దానంతటదే సరిపోతుంది. చివరి చప్పట్లు కలవకపోతే రెండు రికార్డర్ల గడియారాలు వేరువేరుగా నడిచాయన్నమాట, అప్పుడు మిక్సర్ ట్రాకును ఆ తేడా మేరకు సాగదీయడమో కుదించడమో చేయాలి.