తెల్లవారితే ఆదివారం

“విదేశంలో చాలాకాలం ఉండి తిరిగి వచ్చే చివరి రోజున మీకు ఎదురైన చిక్కు ఏమిటి? అలాంటిది రాకుండా ఏం చేయాలి?” అని ఒకరు అడిగారు.

నాకు జరిగినదాన్ని చిక్కు అనడం మర్యాద. విమానం వెళ్లిపోయిన ఇరవై గంటల తర్వాత నాలుగు పెట్టెలతో విమానాశ్రయానికి చేరుకున్నవాణ్ణి నేను. గడియారం ప్రకారం ఇరవై, నిజానికి ఇరవై ఒకటి. ఆ గంట తేడా సంగతి కూడా చెబుతాను.

2019 సంక్రాంతికి రెండు రోజుల ముందు నేనూ మా ఆవిడా మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. మూడు నెలలకు వారం తక్కువగా ఉన్నాం. తిరుగు టికెట్టు మీద ‘ఏప్రిల్ 7, ఆదివారం, 00:35’ అని ఉంది. నేను తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. పొద్దున్నే ముద్రలో తేదీ అంకెలు మార్చిన తర్వాతే మాకు మిగతా పని మొదలయ్యేది. అటువంటి నేను ఆ టికెట్టును ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా ‘ఆదివారం రాత్రి పన్నెండున్నర దాటాక’ అనే చదువుకున్నాను.

6వ తేదీ శనివారం ఉగాది. వేపపువ్వు దొరక్క మా ఆవిడ పచ్చడిలో చేదు కోసం కాకరకాయ తురిమి వేసింది. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికీ చెప్పవద్దని ఆజ్ఞ. ఊరి పేరు రాయడం లేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు. మధ్యాహ్నం క్యారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయానికి వెళ్లాం. సంకల్పంలో ‘వసంత ఋతౌ’ అని వినిపిస్తుంటే బయట చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. అక్కడ ఏప్రిల్ అంటే శరత్కాలం. సాయంత్రం అల్లుడి స్నేహితుల ఇంట్లో పంచాంగం చదివారు. విళంబి పోయి వికారి వచ్చింది. పేరులోనే ఆలస్యం ఉన్న విళంబి ఏడాది పొడవునా నాకు ఒక్క బస్సు కూడా తప్పిపోలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది. “ఏమండీ, ప్రయాణం ఈ రాత్రి కాదు కదా? ఆ సున్నా సున్నా అంటే తెల్లవారితే ఆదివారమేమో చూడండి.”

ఆమె తండ్రి పురోహితుడు. పెళ్లికి ముందు ఆయన రాసిన లగ్నపత్రికలకు శుద్ధప్రతులు ఎత్తినది ఆమే. నేను మాత్రం, “ఆదివారం అని అచ్చులో కనబడుతుంటే తెల్లవారడం ఎందుకు?” అన్నాను. అల్లుడు కూడా ఆదివారం రాత్రే అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడో, మామగారి మాట కాదనలేకపోయాడో ఇప్పటికీ అడగలేదు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాన్ని ఏప్రిల్ మొదటి ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు రెండుకు వెనక్కి తిప్పుతారు. సరిగ్గా ఆ రాత్రే అది. “మామయ్య గారూ, ఈ రాత్రి ఒక గంట ఎక్కువ పడుకోవచ్చు” అన్నాడు అల్లుడు. హాయిగా పడుకున్నాం. రెండో రెండు గంటలు కొట్టే వేళకు మా రెండు సీట్లు ఖాళీగా ఆస్ట్రేలియా నడిమి ఎడారి మీద ఎగురుతూ ఉండాలి.

ఆదివారమంతా పెట్టెలతోనే సరిపోయింది. ఇంట్లో ఉన్నది మనుషులు ఎక్కి చూసుకునే తూకం. పెట్టె పట్టుకుని ఎక్కాలి, వచ్చిన బరువులోంచి మన బరువు తీసేయాలి. అల్లుడు తీసివేతలు చేస్తూ మధ్యలో ఆగి, “మామయ్య గారూ, మీరే నాలుగు కిలోలు పెరిగారు” అన్నాడు. ఇక విమానాశ్రయానికి చేరడం. అంత పెద్ద నగరంలో, ఊరంతా రైళ్లూ ట్రాములూ తిరిగే చోట, టల్లామరీన్ విమానాశ్రయానికి మాత్రం రైలు లేదు. ఊళ్లోని సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి బస్సు ఉంది కానీ నాలుగు పెట్టెలతో అక్కడికి చేరడమే ఇంకో ప్రయాణం. అందుకని కారులోనే ఇరుక్కున్నాం. ఒక పెట్టె మా ఆవిడ ఒడిలో, చేతిసంచి మనవరాలి కాళ్ల కింద.

కౌంటరులోని అమ్మాయి నా టికెట్టు చూసింది, నన్ను చూసింది, మళ్లీ టికెట్టు చూసింది. తర్వాత చాలా మెల్లగా, “మీ విమానం ఈరోజు పొద్దున వెళ్లిపోయింది” అంది.

“మాది పొద్దుటిది కాదు, రాత్రిది” అన్నాను.

“అవునండీ, పొద్దున పన్నెండు ముప్పై అయిదుకు.”

రాత్రి పన్నెండున్నరను పొద్దున అనే మనుషులతో ఎలా వాదించాలి? అయినా వాదించాను. ఆదివారం అన్న మాట మీద వేలు పెట్టి, ఈరోజు ఆదివారం అవునా కాదా అని అడిగాను. అవునని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే కంప్యూటర్ తెరను నా వైపు తిప్పింది. అప్పుడు కానీ నాకు వెలగలేదు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పెట్టెకు గుర్తుగా కట్టిన పసుపు దారం ముడి సరిచేస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది.

మొదటి విమానం ఎక్కకపోతే అదే టికెట్టు మీద ఉన్న రెండో విమానం కూడా రద్దయిపోతుంది. హైదరాబాద్ దాకా కొత్తగా కట్టవలసిందే. ఇద్దరికీ కలిపి తొమ్మిది వందల డాలర్లు, అప్పటి లెక్కలో నలభై వేల రూపాయల పైమాట. వీసా గడువు ఇంకా అయిదు రోజులు ఉండటం అదృష్టం. మంగళవారం రాత్రి 11:05కు సీట్లు దొరికాయి. అర్ధరాత్రి దాటనిది ఇవ్వమని నేనే ప్రాధేయపడ్డాను. మంగళవారం ప్రయాణమేమిటని సణగవలసిన మనిషి అప్పుడూ సణగలేదు.

ఇలాంటిది రాకుండా ఏం చేయాలి అంటే, నేను చేయవలసింది ఏమీ లేదు, టికెట్లు అచ్చువేసేవాళ్లు చేయాలి. మన లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది. అది కంటికి కనబడే మార్పు. చీకట్లో, అందరూ నిద్రపోతుండగా, తేదీ దొంగచాటుగా మారిపోతే ఎవరికి తెలుస్తుంది? నా పెళ్లి ముహూర్తం రాత్రి 2-40కి. శుభలేఖలో ‘బుధవారం రాత్రి’ అని వేసి, పక్కనే ‘తెల్లవారితే గురువారం’ అని వేయించారు. మూడు వందల మంది వచ్చారు, ఒక్కరు కూడా మర్నాటి రాత్రికి రాలేదు. చదువురాని ముసలివాళ్లు కూడా సరైన రాత్రికే వచ్చారు. ఆ రెండు మాటలు విమానం టికెట్టు మీద వేయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? మన రైళ్లలోనూ ఇదే గోల. 00:10 బండి అంటే మర్నాటి రాత్రి స్టేషనుకు వెళ్లి నిలబడినవాళ్లు నా బంధువుల్లోనే ఇద్దరున్నారు. ప్రైవేటు బస్సులది ఇంకో వింత. హైదరాబాద్‌లో బయలుదేరిన తేదీనే టికెట్టు మీద పెట్టి, అర్ధరాత్రి దాటాక మన ఊళ్లో ఎక్కమంటారు. బస్సు దగ్గర తేదీని నమ్మితే మునిగిపోతాం, విమానం దగ్గర నమ్మకపోతే మునిగిపోతాం.

సోమవారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే నాలుగేళ్ల మనవరాలు లేచి వచ్చింది. ముందు రోజు కారులోనే నిద్రపోయింది, మేం వెనక్కి వచ్చిన సంగతి తెలియదు. నన్ను చూసి, “తాతయ్యా, ఇండియా వెళ్లి వచ్చేశావా?” అంది. అవునన్నాను. ఇక ఆ రోజంతా నా ఒళ్లోంచి దిగలేదు. ఆ నలభై వేల గురించి ఎవరైనా అడిగితే నేను ఈ ముక్క చెబుతాను.

శంషాబాద్‌లో దిగాక, మూడు నెలలుగా పర్సులో పడుకున్న మన సిమ్ కార్డు తీసి ఫోనులో వేశాను. ఇక్కడి ఏజెంటు టికెట్టు మీద ఆ నంబరే ఇచ్చాడు. ఫోను టింగుమంటూ నాలుగు సందేశాలు అందించింది. చివరిది, మా విమానం ఎక్కడానికి గేటు తెరిచారని. మా ఆవిడ నా భుజం మీదుగా అది చదివి, ఆ విషయమై మొదటిసారి నోరు విప్పింది.

“తెల్లవారిందా?”