శనగ చేలో చారల తల బాతులు: తరమాలా, వదిలేయాలా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లా. సింగూరు నీటి ఒడ్డున రెండెకరాల్లో శనగ వేశాను, మొలిచి నెల దాటింది. వారం నుంచి చీకటి పడగానే పెద్ద బాతుల గుంపు దిగి కొసలు తెంపుతోంది. ఒళ్లు బూడిద రంగు, తల తెలుపు, తల వెనక రెండు నల్ల గీతలు. గుళికలు కలిపిన గింజలు చల్లమని పక్క చేను ఆయన అంటున్నాడు. ఒకటో రెండో పట్టి పెంచుకోవచ్చా? ఇంట్లో నాటుకోళ్లున్నాయి, వాటికి జబ్బేమైనా వస్తుందా?
– ఒక రైతు

సమాధానం: ముందు ఆ గుళికల ఆలోచన మానుకోండి. ఆ గింజలు తిని నెమళ్లు, పావురాలు, చివరికి మీ కోళ్లూ చస్తాయి. పైగా ఈ పక్షిని చంపినా, పట్టినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. కాబట్టి పెంపకం కూడా కుదరదు.

మీరు చెప్పిన రెండు గీతలే దీని గుర్తు. ఇంగ్లిష్‌లో బార్ హెడెడ్ గూస్ అంటారు. ముక్కూ కాళ్లూ నారింజ పసుపు, బరువు రెండు మూడు కిలోలు. గుంపులో గీతలు లేకుండా తల వెనక గోధుమ రంగుతో కనిపించేవి ఈ ఏడాది పిల్లలు. చలికాలమంతా తల్లిదండ్రులను వదలవు.

ఇవి మంగోలియా, టిబెట్, మన లద్దాఖ్ సరస్సుల దగ్గర వేసవిలో గుడ్లు పెడతాయి. ఆడది మామూలుగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టి దాదాపు నెల రోజులు పొదుగుతుంది, మగది కాపలా కాస్తుంది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే నీళ్లలో దిగి సొంతంగా మేస్తాయి. ఎగరడానికి మాత్రం రెండు నెలలు పడుతుంది. ఆ రోజుల్లోనే పెద్దవాటి రెక్క ఈకలూ ఒక్కసారిగా రాలిపోతాయి, కొన్ని వారాలు అవీ ఎగరలేవు. చలి ముదరకముందే హిమాలయాలు దాటి మన వైపు వస్తాయి. పల్చటి గాలిలోనూ ఆక్సిజన్‌ను బాగా పట్టుకునే హిమోగ్లోబిన్ వాటి రక్తంలో ఉంది. ట్రాకర్ కట్టిన ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరింది! మానససరోవరం హంస అంటే ఇదేనని కొందరు పండితులంటారు. మీ శనగ మేస్తున్న హంస మీద మీకు ప్రేమ పుట్టదని నాకు తెలుసు, కానీ విషయం చెప్పాలి కదా.

ఇక నష్టం సంగతి. పగటిపూట చేలోకి వెళ్లి చూడండి. వేళ్ల మధ్య పొర ఉన్న పాదాల గుర్తులు, వేలంత పొడవున్న ఆకుపచ్చ రెట్టలు ఉంటే బాతుల పనే. మొక్కలు వేళ్లతో పెళ్లగించి ఉంటే అడవిపందిని అనుమానించాలి. నెల దాటిన శనగకు కొమ్మలు రావాలని మనమే తలలు తుంచుతాం. పూతకు ముందు కొసలు మాత్రమే పోతే, నేలలో తేమ ఉంటే, పైరు తేరుకుంటుంది. పూత మొదలయ్యాక మేస్తే మాత్రం దిగుబడి తగ్గుతుంది. అందుకే తరిమే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

గుంపు ఒకచోట రుచి మరిగితే రోజూ అక్కడికే వస్తుంది. కాబట్టి సాయంత్రం అవి దిగకముందే మనిషి ఉండాలి, దిగాక డప్పు కొడితే ఫలితం తక్కువ. టార్చి, మెరిసే రిబ్బన్లు వాడండి, కానీ రెండు మూడు రోజులకోసారి చోటు మార్చకపోతే వాటికి భయం పోతుంది. నీటి వైపు గట్టున మోకాలెత్తులో రెండు వరసల తాడు కడితే నడిచి వచ్చేవి ఆగుతాయి. చేపల వల మాత్రం కట్టొద్దు, కాళ్లు చిక్కుకుని చస్తాయి. చుట్టూ చూపు ఆనని చోట దిగడానికి ఇవి జంకుతాయి. వచ్చే యాసంగిలో గట్ల వెంబడి నాలుగైదు సాళ్లు కుసుమ వేసి చూడండి, ముళ్లుంటాయి కనుక పశువులూ రావు.

కోళ్ల గురించి మీ భయంలో అర్థముంది. 2005లో చైనాలోని చింఘాయ్ సరస్సు దగ్గర ఈ జాతి పక్షులే బర్డ్ ఫ్లూతో వేలల్లో చనిపోయాయి. మీ చేలోవి ఆరోగ్యంగా ఎగురుతున్నా వాటిలో వైరస్ లేదని చెప్పలేం. అందుకే కోళ్లను ఆ ఒడ్డుకు వదలకండి, ఆ నీళ్లు తాగించకండి. చేలో తిరిగిన చెప్పులతో కోళ్ల గూటి దగ్గరికి వెళ్లకండి. చచ్చిన బాతు కనిపిస్తే చేత్తో ముట్టకుండా, వండుకోకుండా, అదే రోజు మీ మండల పశువైద్యుడికి ఫోన్ చేయండి.