హారన్ కొనే ముందు ఇది చదువు

అమ్మలూ,

నీ స్పోర్ట్స్ కారు హారన్ మోగడం లేదని, నువ్వే విప్పి మారుస్తానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విన్నప్పటి నుంచి ఒకపక్క గర్వం, ఇంకోపక్క టెన్షన్. అందుకే రాస్తున్నాను.

కొత్త హారన్ అప్పుడే కొనకు. ముందు ఫ్యూజ్ చూడు. అది బాగుంటే హారన్ రిలే, అంటే బటన్ నొక్కగానే హారన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బా, తీసి అదే నంబరున్న ఇంకో రిలే పెట్టి చూడు. బటన్ నొక్కగానే రిలే టిక్కుమంటే స్టీరింగ్ వైపు బాగానే ఉన్నట్టు.

ఫ్యూజ్ పోయి ఉంటే మాత్రం అక్కడే ఆగు. మీ నాన్న కుర్రతనంలో చేసిన పని నీకు చెప్పి ఉండడు. వాడి పాత కారులోనూ ఇలాగే హారన్ ఆగింది. 15 ఆంపియర్ల ఫ్యూజ్ మార్చాడు, మళ్లీ పోయింది. విసుగొచ్చి 30 పెట్టేశాడు. హారన్ మోగింది, వాడి సంబరం చూడాలి! ఆ కారులో బటన్ ఎర్త్ వైపు, అంటే హారన్ నుంచి కరెంటు కారు బాడీకి తిరిగి వెళ్లే దారిలో ఉండేది, అందుకే హారన్ దాకా కరెంటు ఎప్పుడూ వచ్చి ఉండేది. బంపర్ వెనక రేకు అంచుకి వైరు ఒరుసుకుని తొడుగు అరిగిపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా తగిలీ తగలక వేడెక్కేది. ఒక రాత్రి బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. నేను పరుగెత్తి బ్యాటరీ నెగటివ్ ఊడదీశాను. తెల్లారి చూస్తే ఆ వైరు రాగి నల్లబడి, కరిగిన తొడుగు పక్కనున్న హెడ్‌లైట్ వైర్లకు అతుక్కుపోయి ఉంది. అంత జరిగినా ఆ 30 ఆంపియర్ల ఫ్యూజ్ చెక్కుచెదరలేదు! ఫ్యూజ్ నంబరు వైరు లావును బట్టి ఉంటుందమ్మా, మన అవసరాన్ని బట్టి కాదు. అదే నంబరుది పెట్టాక మళ్లీ పోతే, వైరు పొడవునా వేలితో తడుముతూ అరిగిన చోటు వెతుకు. బద్ధకించావో, నా చేత తిట్లు తింటావు.

స్పోర్ట్స్ కారు ముక్కు కిందికి ఉంటుంది కాబట్టి, ముందు బంపర్ వెనకుండే హారన్‌కి నీళ్లూ రాళ్లూ తప్పవు. కింది కవరు విప్పాలంటే స్టాండ్లు పెట్టాకే దూరు. జాకీ ఒక్కదాన్నే నమ్మావంటే ఊరుకోను.

హారన్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టు, ఎవరినైనా బటన్ నొక్కమను. 12 వోల్టుల దాకా వస్తుంటే పోయింది హారనే. రాకపోతే మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి చూడు. అప్పుడు వచ్చిందంటే ఎర్త్ బోల్టుకి తుప్పు పట్టింది, గీకి శుభ్రం చెయ్యి. ఇలాంటివాటికి కొత్త హారన్ అక్కర్లేదు.

రెండు రిలేలతోనూ టిక్కుమనకపోతే లోపం బటన్‌లోనో, స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్‌లోనో (స్టీరింగ్ తిరిగినా బటన్ వైరు తెగకుండా ఉంచే చుట్ట) ఉండొచ్చు. అక్కడ చెయ్యి పెట్టకు తల్లీ. ఎయిర్‌బ్యాగ్ పేలిందంటే నీ మొహం మీదే. ఆ పని తెలిసినవాళ్లకు వదిలెయ్. ఈ ఒక్క మాటా నా కోసం విను.

కొత్తది బిగించేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉంచు, నీళ్లు నిలవవు. హారన్ దేనికీ ఆనకూడదు, ఆనితే గొంతు నొక్కినట్టు మోగుతుంది. సన్న గొంతుది, బొంగురుది అని రెండు ఉంటే, పోయినదాని జతే తీసుకో. బంపర్ పెట్టకముందే ఒకసారి నొక్కి చూడు.

ఫ్యూజ్ పోయి ఉంటే మాత్రం ఏమీ విప్పకముందే వీడియో కాల్ చెయ్యి. ఆ వైరు నేనూ చూడాలి.

మీ పెదనాన్న