ఊలు కూతురిది, అల్లే చేతులు మీవి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మేము విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాము. మా అమ్మాయి, అల్లుడు ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఉద్యోగాలు మానేసి 14 అల్పాకాలను పెంచుతున్నారు. వాటి ఊలు నాకు పంపితే టోపీలు, మఫ్లర్లు, శాలువాలు అల్లి తిరిగి పంపుతాను. వాటిని వాళ్లు అక్కడ అమ్ముకుంటారు. మూడేళ్లలో నాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఆలస్యమైతే మాత్రం అమ్మాయి అలుగుతుంది. అల్లడం నాకు ఇష్టమే గాని, ఏడాదిగా రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ‘జీతం లేని కూలివి’ అని మావారు అంటున్నారు. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 12 లక్షలు వాళ్లకిచ్చారని మా అబ్బాయికి కోపం. మొన్న వచ్చిన పార్సిల్‌ను విప్పకుండా మంచం కింద పెట్టాను. అమ్మాయికి ఏమని చెప్పను?

జవాబు: విప్పని ఆ పార్సిల్ గురించి చదివినప్పుడు నాకు బాధ కలిగింది. ఇన్నాళ్లూ అమ్మాయితో అనలేకపోయిన మాటను మీరు దాన్ని మంచం కిందికి తోసి చెప్పుకున్నారు. ఇక ఆ మాట నోటితో చెప్పవలసిన సమయం వచ్చింది.

ముందు అమ్మాయి ఇబ్బంది చూద్దాం. అల్పాకా పెరూ, బొలీవియా దేశాల్లోని అండీస్ పర్వతాల జంతువు. దాని బొచ్చును ఏడాదికి ఒక్కసారే కత్తిరిస్తారు; మేతకు, పశువైద్యానికి, కంచెకు మాత్రం ఏడాది పొడుగునా డబ్బు కావాలి. చూలు నిలిచాక ఈనడానికి పదకొండు నెలలు దాటుతుంది, అదీ సాధారణంగా ఒక్క పిల్లే కాబట్టి మంద నిదానంగా పెరుగుతుంది. ఇంత చిన్న మందతో బతకాలంటే ఊలును ఊలుగా అమ్మితే చాలదు, చేతి అల్లిక తోడైతేనే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఆమె అలకలో ఆ భయం ఉండి ఉంటుంది. అయినా ఆ భయం భారమంతా మీ మణికట్టు మీద పడటం న్యాయం కాదు.

ఆమెకు తట్టని విషయం ఇంకొకటి ఉందనుకుంటాను. అక్కడ చలికాలం జూన్‌లో మొదలవుతుంది కనుక, ఆ అమ్మకాలకు సరుకు అందించాలంటే మీరు ఏప్రిల్, మే నెలల్లో, విశాఖ ఉక్కపోతలో, ఫ్యాను కింద కూర్చుని ఒళ్లో ఊలు పెట్టుకుని, చెమట పట్టిన వేళ్లకు నూలు అంటుకుంటుంటే కొంగుతో తుడుచుకుంటూ అల్లవలసి వస్తుంది. పైగా అల్పాకా నూలు గొర్రె ఊలులా సాగి మళ్లీ వెనక్కి రాదు. వదులుగా అల్లితే వస్తువు జారిపోతుంది కనుక సన్న సూదులతో బిగించి అల్లాలి, ఆ బిగింపు చేతికి శ్రమ. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి. ఈ వారమే వెళ్లండి, వాయిదా వేయకండి.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని తరతరాలుగా అల్లిన స్త్రీల చేతికి మాత్రం కూలి తక్కువే అందింది. ‘ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని’ అని అందరూ, చాలాసార్లు వాళ్లు కూడా, అనుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. మీ ఇంట్లోనూ అదే జరుగుతోంది. ఇదివరకు అల్లిన వాటిలో ఏ శాలువాకు ఎన్ని రోజులు పట్టిందో, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నారో గుర్తు చేసుకుని ఒక నోటుపుస్తకంలో రాయండి. మీరు కూడా ఆ లెక్క చూసి ఆశ్చర్యపోతారు.

తర్వాత అమ్మాయితో, అల్లుడు కూడా పక్కన ఉన్నప్పుడు, ఇలా అనండి: ‘అమ్మా, నాకీ పని ఇష్టం, మానను. కానీ నా చేతులు సహకరించడం లేదు. నెలకు ఎన్ని అల్లగలనో నేనే చెబుతాను. ఒక్కోదానికి కూలి ఎంతో అనుకుందాం, అది ధరలో కలుపుకో.’ ఆమె నొచ్చుకోవచ్చు, రెండు రోజులు ఫోను చేయకపోవచ్చు. మీరు వెంటనే ఫోను చేసి ‘పోనీలే’ అనకండి. ఊలును చిమ్మటలు పట్టకుండా గాలి చొరని సంచుల్లో నిల్వ పెట్టి, కార్తీకం నుంచి మాఘం దాకా, మన ఊళ్లో కాస్త చల్లగా ఉన్న రోజుల్లోనే అల్లుతానని కూడా చెప్పండి. ఆ సరుకు వాళ్ల జూన్‌కు చక్కగా అందుతుంది.

పన్నెండు లక్షల సంగతి ఈ సంభాషణలోకి రానివ్వకండి. అది అప్పా, కానుకా అన్నది మీ వారు తేల్చి, కాగితం మీద రాసి, అబ్బాయికి కూడా చూపించాలి. మీరు అల్లిన టోపీలు ఆ సొమ్ముకు వడ్డీ కావు, ఎవరూ అలా జమకట్టకూడదు. ‘కూలివి’ అన్న మాట మీకు గుచ్చుకుందని ఆయనకు చెప్పండి. మీ తరఫున మాట్లాడుతున్నానని అనుకుంటూనే ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చుతున్నారు.

పార్సిల్‌ను మంచం కింద నుంచి తీసి అల్మారాలో పెట్టండి. డాక్టరును చూసి, అమ్మాయితో మాట్లాడిన తర్వాతే విప్పండి.